ఆరో నెల రాత్రులు



పసిబిడ్డను చూడ్డానికి వచ్చినవాళ్ళు బిడ్డ గుప్పిట్లో నోటు పెట్టి, బుగ్గ పుణికి, తల్లిని తప్పకుండా అడిగే మాట ఒకటుంది. "రాత్రి పడుకుంటోందా?" మొదటి రెండు మూడు నెలలూ తల్లి ధైర్యంగానే జవాబు చెబుతుంది, "లేదు పిన్నీ, జాగారమే" అని. పసిగుడ్డు కదా, ఎవరూ తప్పుపట్టరు. ఆరో నెల దాటాక కూడా అదే జవాబు చెప్పాల్సి వస్తే మాత్రం ఆ తల్లి గొంతు తగ్గిపోతుంది. ఇక సలహాలు మొదలు. పాలు చాలట్లేదేమో. దిష్టి తగిలిందేమో. ఎత్తుకుని తిప్పడం అలవాటు చేశారేమో. మావాడైతే మూడో నెల నుంచే తెల్లార్లూ పడుకునేవాడమ్మా! ఈ చివరి మాట అనేవాళ్ళ పిల్లలకి సాధారణంగా ముప్ఫయ్యేళ్ళు దాటి ఉంటాయి. ముప్ఫయ్యేళ్ళ కిందటి రాత్రులన్నీ హాయిగా గడిచినట్టే గుర్తుంటాయి మనకి. నేనూ అమ్మమ్మనే కాబట్టి మా వయసువాళ్ళని ఈ మాత్రం అనొచ్చు.

మా ఇంట్లో ఆరు నెలల మనవరాలుంది. అన్నప్రాశన నాడు పుస్తకం, కలం, బంగారం, పూలు అన్నీ ముందు పెడితే, వాటి జోలికి పోకుండా పళ్ళెం అంచు పట్టుకుని కొరకబోయింది. చిగుళ్ళు దురద. పగలంతా నవ్వులే. పొద్దున్న నేను కాళ్ళు చాపుకుని పీట మీద కూర్చుని, దాన్ని కాళ్ళ మీద వేసుకుని, నూనె మర్దించి నీళ్ళు పోస్తే, ఒళ్ళు తుడిచేలోపే కళ్ళు మూతలు పడతాయి. నీళ్ళు పోసుకున్న నిద్రంత గొప్ప నిద్ర ఇంకోటి లేదు. ఆ నిద్రలోనే ఇంట్లో వంట, బట్టలు, మా అమ్మాయి స్నానం, జుట్టు చిక్కు తీసుకోవడం అన్నీ జరిగిపోవాలి. ఆ తర్వాతి కునుకులన్నీ అరగంటవీ ముప్పావుగంటవీ. కుక్కర్ కూత వేస్తే ఒకటి పోతుంది, పాత సామాన్లు కొంటామనే బండి మైకు మోగితే ఇంకోటి పోతుంది.

అసలు కథ దీపాలు పెట్టాక మొదలవుతుంది. ఆరున్నరకి ముఖం రుద్దుకుంటుంది, చెవి లాక్కుంటుంది. అది నిద్రొస్తోందని చెప్పడమే. సరిగ్గా అప్పుడే తాతగారు వాకింగ్ నుంచి వచ్చి "బుజ్జీ!" అంటూ గాలిలోకి ఎగరేస్తారు. తరవాత అల్లుడు ఆఫీసు నుంచి వస్తాడు. రోజంతా బిడ్డని చూడని తండ్రి ఎత్తుకోకుండా ఉంటాడా? టీవీ, ట్యూబులైట్లు, వీడియో కాల్‌లో మేనమామ. తొమ్మిదయ్యేసరికి నిద్ర దాటిపోయి, వెనక్కి విరుచుకుంటూ ఏడుపు. పదికి ఎలాగో భుజం మీద పడుకుంటుంది. మంచం మీద దించామా, కళ్ళు తెరుస్తుంది. మళ్ళీ భుజం, మళ్ళీ వరండా. పదకొండున్నరకి ఓసారి, ఒంటిగంటకి ఓసారి, మూడింటికి ఓసారి. నాలుగున్నరకి లేచిందంటే ఇక ఆటలే. చీకట్లో తన కాలి బొటనవేలు దొరికితే దానితో కబుర్లు చెబుతుంది.

దీంట్లో రోగం ఏమీ లేదు. పెద్దవాళ్ళ నిద్ర ఒక విడత సుమారు తొంభై నిమిషాలైతే, పసివాళ్ళది యాభై అరవై నిమిషాలే. విడతకీ విడతకీ మధ్య అందరికీ కాస్త మెలకువ వస్తుంది. మనం పక్కకి తిరిగి, దుప్పటి లాక్కుని మళ్ళీ పడుకుంటాం, పొద్దున్నకి గుర్తు కూడా ఉండదు. పసిపిల్ల కళ్ళు తెరిచి చూస్తుంది. పడుకునేటప్పుడు అమ్మ భుజం ఉంది, ఇప్పుడు లేదు. ఉయ్యాల ఊగుతూ ఉండేది, ఇప్పుడు ఆగిపోయింది. ఆ ఉన్నదేదో మళ్ళీ తెచ్చిపెట్టమని పిలుస్తుంది. ఏడుపు కాక దానికి ఇంకో భాష రాదు గదా.

ఆరో నెలలో దీనికి తోడు ఇంకొన్ని వచ్చి చేరతాయి. బోర్లాపడటం నేర్చుకుంటుంది. బోర్లాపడితే బొబ్బట్లు పంచుతాం మనం. ఆ విద్యనే రాత్రి రెండింటికి సాధన చేస్తే? బోర్లాపడి, మళ్ళీ వెల్లకిలా తిరగడం చేతకాక, పరుపులో ముఖం పెట్టి అరుస్తుంది. కింది పళ్ళు రెండూ రావడం ఇంచుమించు ఈ రోజుల్లోనే మొదలవుతుంది. ఇంకా ముఖ్యమైంది, కంటికి కనబడకపోయినా అమ్మ ఎక్కడో ఉందనే ఎరుక ఈ వయసులోనే పుడుతుంది. మొన్నటిదాకా ఎవరెత్తుకున్నా నవ్విన పిల్ల, అమ్మ గది దాటితే మూతి విరుస్తుంది. తెలివి పెరిగింది కాబట్టే రాత్రిళ్ళు వెతుక్కుంటోందన్నమాట.

"అందరి పిల్లలూ పడుకుంటున్నారు, నా పిల్లే" అనుకునే తల్లుల కోసం ఒక లెక్క చెబుతాను. కెనడాలో మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2018లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఆరు నెలల పిల్లల్లో నూటికి 38 మంది వరసగా ఆరు గంటలు పడుకోవడం లేదు. ఎనిమిది గంటలు పడుకోనివాళ్ళు 57 మంది, అంటే సగానికి పైనే. ఏడాది నిండినవాళ్ళలోనూ నూటికి 28 మంది ఆరు గంటలు ఏకధాటిగా పడుకోలేదు. పడుకున్న పిల్లలకీ పడుకోని పిల్లలకీ ఎదుగుదలలో తేడా ఏమీ కనబడలేదు. ఒక్క ఏకధాటి నిద్ర మాట పక్కన పెడితే, ఈ వయసు పిల్లలకి పగటి కునుకులతో కలిపి రోజుకి 12 నుంచి 16 గంటల నిద్ర చాలు. మా బుజ్జిది ఆ లెక్క ముక్కలుముక్కలుగా పూర్తిచేస్తూనే ఉంది. పూర్తికానిది దాని తల్లి లెక్క.

నేను ఈ రోజు చెప్పదలుచుకున్నది ఆ తల్లి గురించే. బిడ్డ ఇన్ని మలుపులు ఒక్కసారిగా తిరిగే ఆరో నెలలోనే, తల్లికి అప్పటిదాకా ఉన్న ఆసరాలు కూడా ఒక్కసారిగా తప్పుకుంటాయి. మన ప్రసూతి ప్రయోజనాల చట్టం 1961లో వచ్చినప్పుడు సెలవు 12 వారాలు. 2017 సవరణతో 26 వారాలైంది. గొప్ప మార్పే, ఒప్పుకోవాలి. కానీ 26 వారాలంటే లెక్కకి సరిగ్గా ఆరు నెలలు. అందులో ఎనిమిది వారాల వరకూ కాన్పుకి ముందే వాడుకోవచ్చు. అలా వాడుకున్నవాళ్ళు నాలుగు నెలల బిడ్డని ఇంట్లో వదిలి ఆఫీసు మెట్లెక్కాలి. అప్పటికి బిడ్డకి ఇంకా తల్లిపాలు తప్ప వేరే తిండి పెట్టకూడదు. పుట్టింటి నుంచి సారె పెట్టి అత్తవారింటికి పంపేదీ ఇంచుమించు ఆ నెలల్లోనే. అంతవరకూ బిడ్డని అందుకునే చేతులు అరడజను ఉండేవి. తర్వాత సిటీలో రెండు గదుల ఫ్లాటు, లిఫ్టు, ఇద్దరే మనుషులు.

డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మన పిల్లల సంగతీ ఇంతే. కాన్పుకి అమ్మ వెళుతుంది. విజిటర్ వీసా మీద వెళ్ళినవాళ్ళకి అక్కడ దిగగానే సాధారణంగా ఆరు నెలల గడువు ఇస్తారు. కాన్పుకి ముందే వెళ్ళిన అమ్మమ్మ, బిడ్డ కాస్త గుర్తుపట్టి చేతులు చాచే వేళకి పెట్టె సర్దుకోవాలి. అత్తగారు వంతుగా వస్తే సరేసరి. రాలేని ఇళ్ళలో ఆ తల్లి కళ్ళు చూస్తే తెలుస్తుంది.

వ్యవసాయ కూలికి వెళ్ళే తల్లికైతే 26 వారాల మాటే లేదు. చట్టం పదిమంది, ఆపైన పనిచేసే సంస్థల జీతగత్తెలకి. చేలో చెట్టుకొమ్మకి చీర ఉయ్యాల కట్టి, నాట్లు వేస్తూ చెవి అటు పడేసే తల్లిని మీరు రోడ్డు పక్కన బస్సులోంచి చూసే ఉంటారు. ఆమె రాత్రి నిద్ర గురించి ఎవరూ అధ్యయనం చేసినట్టు నాకు కనబడలేదు.

తల్లి పనికీ బిడ్డ నిద్రకీ ఉన్న ఈ పేచీ పాతదే. బొంబాయి బట్టల మిల్లుల్లో పనిచేసే తల్లులు షిఫ్టుకి వెళ్ళేముందు బిడ్డ నోట్లో బాలగోళీ వేసేవారు. అందులో నల్లమందు ఉండేది. బిడ్డ మత్తుగా పడి ఉండేది, తల్లి యంత్రం దగ్గర నిలబడేది. ఆ బొంబాయిలోనే 1929లో ప్రసూతి సహాయ చట్టం వచ్చింది, మన దేశంలో అలాంటి చట్టాల్లో అదే మొదటిది. బాలగోళీ రోజులు పోయాయి అనుకోకండి. జలుబు మందు ఒక చెంచా వేస్తే హాయిగా పడుకుంటుంది అనే సలహా ఈ మధ్య కూడా నా చెవిన పడింది. చెప్పినావిడ చదువుకున్నదే. నిద్ర కోసం పసిబిడ్డకి ఏ సిరప్పూ పొయ్యకండి. గ్రైప్ వాటర్ సంగతంటారా? ఉడ్‌వర్డ్ అనే ఆయన 1851లో ఇంగ్లండులో దాన్ని తయారుచేసినప్పుడు అందులో ఆల్కహాలు ఉండేది. అప్పటి పిల్లలు ఎందుకు పడుకున్నారో వేరే చెప్పక్కర్లేదు. ఇప్పటిదాంట్లో ఆల్కహాలు లేదు, నిద్రపుచ్చే గుణమూ లేదు.

అసలు పూర్వం పిల్లలు తెల్లార్లూ పడుకునేవారంటే నేను నమ్మను. అంత బాగా పడుకునేవారైతే తెలుగులో ఇన్ని జోలపాటలు ఎందుకు పుట్టాయి? పదిహేనో శతాబ్దంలో అన్నమయ్య దేవుడికే జోల పాడాడు. నిద్రపోని బిడ్డని ఎత్తుకుని తిరిగిన వాళ్ళెవరో ఆ బాణీ ముందే కట్టి ఉంచితేనే గదా! కాకపోతే పూర్వం ఆ పాట ఒక్కరే పాడలేదు. తల్లి గొంతు పోతే మేనత్త అందుకునేది, మేనత్త కునికితే ముత్తవ్వ ఉయ్యాల తాడు లాగేది.

తిండి పెంచితే నిద్ర పెరుగుతుందన్న ఆశ కూడా మనకి ఎక్కువ. రాత్రి చిక్కగా రాగి జావ పట్టిస్తే పొద్దున్నదాకా లేవదంటారు. దీన్నీ పరీక్షించారు. ఇంగ్లండులో పదమూడు వందల మంది పిల్లల్లో కొందరికి మూడో నెల నుంచే తిండి పెట్టి, తక్కినవారికి ఆరో నెల దాకా పాలే ఇచ్చి చూశారు. ముందు తిన్నవాళ్ళు రాత్రి ఎక్కువ పడుకున్నది ఎంతసేపో తెలుసా? మహా అయితే పదహారు నిమిషాలు. పదహారు నిమిషాల కోసం బిడ్డ కడుపు బరువెక్కించడం దేనికి? ఆరు నెలలు నిండాక ఉగ్గు పెట్టాల్సిందే. తల్లి గర్భంలో దాచుకున్న ఇనుము అప్పటికి తరిగిపోతుంది కాబట్టి, బియ్యం, పప్పు వేయించి దంచిన ఉగ్గు, మెత్తగా మెదిపిన ఆకుకూర, గుడ్డు తినేవాళ్ళయితే గుడ్డు, అన్నీ కొంచెం కొంచెంగా. అది ఎదుగుదల కోసం పెట్టేది, నిద్రమాత్ర మాదిరి వేసేది కాదు. కొత్త తిండి పగలే పెట్టండి. పడకపోతే పగలే తెలుస్తుంది.

సాంబ్రాణి పొగ నాకూ ఇష్టమే, బిడ్డ జుట్టుకి పట్టే ఆ వాసన ఇంకెక్కడా రాదు. కానీ ఆ ఊపిరితిత్తులు ఎంతుంటాయి? జుట్టు తువ్వాలుతో ఆరుతుంది. పొగ వద్దు. తల గుండ్రంగా రావాలని పెట్టే ఆవాల దిండు కూడా బోర్లాపడటం వచ్చిన పిల్ల పక్కలో ఉండకూడదు. మెత్తటి దిండ్లు, రజాయిలు, బొమ్మలు ఏవీ వద్దు. గట్టి పరుపు, వెల్లకిలా పడక, పైన దోమతెర. బిడ్డని మంచం మీద పక్కలో వేసుకునే అలవాటు మనది, మానమంటే ఎవరూ మానరు. అయితే పరుపు నేల మీదికి దించండి. దొర్లినా దెబ్బ తగలదు. సోఫాలో బిడ్డని గుండెల మీద వేసుకుని నిద్రపోవడం మాత్రం పనికిరాదు, అలసిన తండ్రులు ముఖ్యంగా గుర్తుంచుకోవాలి. చీర ఉయ్యాల పగటి కునుకులకి, మనిషి ఆ గదిలో ఉన్నంతసేపూ సరే. దొర్లే పిల్లని రాత్రంతా అందులో వదలొద్దు.

ఇప్పటి తల్లిదండ్రులు ఫోన్లలో చదివి ఇంకో మాట తెచ్చారు, స్లీప్ ట్రైనింగ్. బోస్టన్ డాక్టరు రిచర్డ్ ఫెర్బర్ 1985లో రాసిన పుస్తకంతో అది బాగా వ్యాపించింది. బిడ్డని మెలకువగానే పడుకోబెట్టి బయటికి వచ్చేసి, ఏడిస్తే కొంచెంకొంచెం ఆలస్యంగా వెళ్ళి సముదాయించడం దాని పద్ధతి. మా అల్లుడు ఒక రాత్రి మొదలుపెట్టాడు. అయిదు నిమిషాలు గడవకుండానే పక్క ఫ్లాటు పెద్దావిడ తలుపు తట్టింది, "పిల్లకి ఏమైందమ్మా" అని. మన గోడలకి ఆ పద్ధతి సరిపడదు. మన అమ్మమ్మలకి అసలు సరిపడదు. అలాగని ఆ దారి పట్టినవాళ్ళని కసాయివాళ్ళని తిట్టడమూ నాకు నచ్చదు. ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్ పరిశోధకులు ఇలాంటి మెల్లని పద్ధతులు నేర్పిన పిల్లల్ని ఆరేళ్ళ వయసులో మళ్ళీ చూసి, 2012లో ఫలితం ప్రకటించారు. నేర్పినవాళ్ళకి కీడు జరగలేదు. నేర్పనివాళ్ళకంటే అదనంగా ఒరిగిందీ లేదు. ఎవరింటికి ఏది కుదిరితే అది.

మన ఇళ్ళలో కుదిరేది, ఖర్చు లేనిది ఒకటుంది. సాయంత్రాన్ని చల్లబరచడం. పదిహేడు దేశాల పసిపిల్లల నిద్రవేళలు పోల్చి 2010లో ఒక అధ్యయనం వచ్చింది, అందులో మన దేశమూ ఉంది. న్యూజిలాండ్ పిల్లలు సగటున ఏడున్నరకి పడుకుంటే, హాంకాంగ్ పిల్లలు పదీపావుకి. మన ఇళ్ళు ఏ వైపుకి మొగ్గుతాయో సీరియల్ టైములు చూసుకుంటే అర్థమవుతుంది. తాతగారి ఎగరేత ఆరింటికే అయిపోవాలి. ఏడు తరవాత పెద్ద లైట్లు ఆర్పి చిన్న బల్బు వెయ్యండి. ఒళ్ళు తుడవడం, బట్టలు మార్చడం, పాలు, పాట, రోజూ అదే వరసలో జరగాలి. కళ్ళు పూర్తిగా మూతపడక ముందే, మగతలో ఉండగా పక్క మీద వేసి జోకొట్టండి. మధ్యలో లేచినప్పుడు ఆ పక్క కొత్తగా అనిపించదు. రాత్రి లేస్తే లైటు వెయ్యకుండా, కబుర్లు చెప్పకుండా పని కానివ్వండి. వారంలో అద్భుతం జరుగుతుందని చెప్పను. పళ్ళు వచ్చిన రాత్రి, జ్వరం వచ్చిన రాత్రి అంతా మొదటికొస్తుంది.

అందుకే బిడ్డ నిద్ర కంటే ఇంటి వంతులు సరిచేసుకోవడం త్వరగా ఫలితమిస్తుందని నా నమ్మకం. పాలివ్వగలిగేది తల్లి ఒక్కతే, నిజమే. బిడ్డని లేపి తెచ్చివ్వడం, పాలు తాగాక భుజాన వేసుకుని తేన్పు తెప్పించడం, గుడ్డ మార్చడం, మళ్ళీ జోకొట్టడం ఎవరైనా చెయ్యొచ్చు. హైదరాబాదులో అమెరికా కంపెనీల పని చేసే తండ్రులు ఎలాగూ పదకొండు దాకా కాల్స్‌లో మేలుకునే ఉంటారు. ఒంటిగంట వరకూ బిడ్డ బాధ్యత వాళ్ళదైతే, తల్లి తొమ్మిదిన్నరకి తలుపు వేసుకుని మూడున్నర గంటలు గాఢంగా పడుకుంటుంది. ముక్కలైన ఏడు గంటల కంటే ఆ మూడున్నర గంటలు విలువైనవి. పాలు పిండి ఉంచగలిగితే ఇంకా నయం. తెల్లవారుజామున నాలుగింటికి ఎలాగూ మెలకువ వచ్చే వయసు మాది. ఆ వంతు అమ్మమ్మలం, తాతయ్యలం తీసుకోవచ్చు. మా ఇంట్లో కాలి బొటనవేలితో కబుర్లు చెప్పే వేళ ఇప్పుడు తాతగారిది. ఎగరేతకి అది చాలా మంచి సమయమని ఆయనకి అర్థమైంది.

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులైన తండ్రులకి 15 రోజుల పితృత్వ సెలవు ఉంది. ప్రైవేటు ఉద్యోగికి చట్టప్రకారం ఒక్క రోజు కూడా లేదు, కంపెనీ దయ. యాభైమంది, ఆపైన పనిచేసే చోట శిశు సంరక్షణ గది ఉండాలని, తల్లి రోజుకి నాలుగుసార్లు వెళ్ళి బిడ్డని చూసుకోవచ్చని 2017 సవరణలోనే వచ్చింది. మీ ఆఫీసులో ఆ గది ఎక్కడుందో అడిగారా? అడగండి. నలుగురు అడిగితే గది పుడుతుంది.

ఒక్క సంగతి తేలిగ్గా తీసుకోవద్దని మనవి. బిడ్డ పడుకున్నా తల్లికి నిద్ర పట్టకపోవడం, ఊరికే కన్నీళ్ళు రావడం, బిడ్డని ఎత్తుకోబుద్ధి కాకపోవడం, బతుకు మీద విసుగు, ఇవి రెండు వారాలు దాటి సాగితే అది అలసట మాత్రమే కాదు. "మేమూ కన్నాం పిల్లల్ని" అని తోసెయ్యకండి. డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. కేంద్ర ప్రభుత్వం నడిపే టెలి మానస్‌కి 14416 నంబరుకి ఫోన్ చేస్తే రాత్రయినా పగలయినా తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. బిడ్డ విషయంలోనూ అంతే. జ్వరం, ఊపిరి ఎగపోత, రోజూ గురక, ఒంటేలు తగ్గడం, బరువు పెరగకపోవడం ఉంటే అది నిద్ర పేచీ కాదు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

ఈ ప్రసంగం వింటున్న ఇంట్లో ఆరు నెలల బిడ్డ ఉంటే, ఈ రాత్రి రెండింటికి లేచే వంతు ఎవరిదో భోజనాల దగ్గరే తేల్చుకోండి. తల్లి పేరు వంతుల చీటీలో చివర్న రాయండి.